పదమూడు పోగులు

పొద్దుగాల ఆరు గొట్టంగనే బోరింగు కాడ బిందెల సప్పుడు మొదలైతది. కోరుట్ల శివారుల ఎర్రబాయి వాడకు అదే కోడికూత. ఒకలు కొడుతుంటే ఒకలు పడుతరు. పట్టేది బిందెడు, ముచ్చట పుట్టెడు. ఆ దినం ముచ్చటంత సమ్మె మీదనే. సకల జనుల సమ్మె మొదలై పది దినాలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. సడక్ మీదనే పొయ్యిలు వెట్టి, సడక్ మీదనే విస్తర్లేసి తింటున్నరు.

"అన్ని బందైనయ్ గని మా ఆయిన ఆకలి బంద్ కాలేదవ్వా" అనుకుంట లస్మవ్వ బిందె ఎత్తుకోను వంగింది. అట్ల వంగంగనే ఐలమ్మ ఆమె మెడ దిక్కు చూసి బోరింగు కొట్టుడు ఆపింది.

"లస్మీ, నీ పుస్తెల తాడుకు గా తెల్లది ఏందే?"

"తెల్లది ఏందవ్వా, పగడం గాదు?"

"పగడమైతే ఎర్రగుండాలె గదనే!"

లస్మవ్వ తాడు చేతిలకు తీసుకొని చూసింది. శెనిగె గింజంత పగడం, పుస్తెల నడుమ పదారేండ్లు ఎర్రగ మెరిసిన పగడం, బొక్క లెక్క తెల్లగైపోయి ఉన్నది. బిందె చేతిలకెళ్ళి జారింది. ఐలమ్మ నవ్వబోయి తన మెడ చూసుకున్నది. తనదీ తెలుపే. పక్కామె చూసుకున్నది. ఆమెదీ తెలుపే. "ఓ అవ్వో!" అని ఒక్కతి అరిచిందో లేదో, బోరింగు కాడ ఆడోళ్ళంత మెడలు పట్టుకొని ఆగమాగమైన్రు. పుస్తెల మీద తెలుపేందే, నా నోట్లె మన్నువడ! మొగడు బతికుండంగ తెలుపేంది!

తెల్వనోళ్ళకు ఎర్రబాయి సంగతి ఒక మాట చెప్పాలె. వాడకు ఉత్తరాన తాళ్ళ నడుమ ఉంటది ఆ బాయి. పైన రెండు నిలువుల నీళ్ళు తియ్యగుంటయ్, కిందివి ఉప్పగుంటయ్. ఉప్పు నీళ్ళు షురువైన కాడికెళ్ళి గోడల నిండ పగడం. కొమ్మలు కొమ్మలుగ, ఎర్రగ. దాని సందులల్ల పసుపుపచ్చయి, నీలిరంగుయి చేపలు తిరుగుతయ్. సముద్రం ఏడ, కోరుట్ల ఏడ అని ఎవ్వలూ అడుగలే. పగడం బాయిల గాకుంటే చెట్టుకు కాస్తదా అంటరు. వాడల పెండ్లయితే పిలగాడు ముందటి దినం మునిగి, వేలిగోరంత ముక్క విరుసుకొచ్చి బంగారు పని చేసే అవుసులాయినకు ఇయ్యాలె. ఆయిన దానికి బెజ్జం వెడ్తడు, అది పుస్తెలకు ఎక్కుతది. అట్ల వాడల పదముగ్గురు ఆడోళ్ళ మెడలల్ల బాయి ముక్కలున్నయ్. విరిసినా బాయితోటి వాటి పొత్తు తెగదు. పున్నానికి బాయిల పగడం పూస్తే, ఇక్కడ మెడల పగడం గోరువెచ్చగైతది. అది అందరికి ఎరుకే.

అందుకే లస్మవ్వ ముందుగాల ఉరికింది బాయి కాడికి కాదు. తాళ్ళ కాడికి ఉరికింది. ఆమె మొగడు సారయ్య గీత పని చేస్తడు. ఆ యాల్లకు తాటిచెట్టు నెత్తిన కల్లు లొట్టి దించుతున్నడు.

"దిగు! దిగుతవా లేదా!"

"ఏమైందే? ఇల్లు కాలిందా?"

"నా కొంపే కాలింది, దిగు ముందుగాల!"

సారయ్య దిగి, నడుముకున్న మోకు ఇప్పిండు. చెట్టుకు, నడుముకు కలిపి చుట్టుకునే ఆ లావు తాడు మీదనే గీత పనోని పానమంత ఆధారపడి ఉంటది. లస్మవ్వ తెల్లవడ్డ పగడం చూపెట్టింది. సారయ్య మాటలోడు, ఏదో ఒక కొంటె మాట అంటడనుకున్నది. ఆయిన పగడాన్ని రెండు దిక్కుల తిప్పి చూసిండు. ఆమె మోకు గుంజుకొని ఇంట్ల చిలక్కొయ్యకు తగిలేసింది.

"ఇది మల్ల ఎర్రవడేదాక నువ్వు చెట్టెక్కితే నా శవాన్ని చూస్తవు" అన్నది.

బాయి కాడ అప్పటికే వాడంత కూడింది. గట్టు మీద నిలవడి తొంగి చూసినోళ్ళు చూసినట్టే ఉన్నరు. పగడమంత తెల్లగ, సున్నం ఏసినట్టున్నది. సమ్మె పుణ్యాన బడులు లేక, పనులు లేక, పది దినాలకెళ్ళి సగం కోరుట్ల ఈ బాయిలనే ఈత గొట్టింది. నెత్తికి నూనె, ఒంటికి సబ్బు, మునిగి పగడం కొమ్మల మీద నిలవడి దమ్ము పోటీలు, గట్టు మీదికెళ్ళి బండలేసుడు. అది ఎవ్వలకు యాదికి రాలే.

ఐలమ్మకు మాత్రం వెంటనే తెలిసింది. "తల్లి పోసింది" అన్నది. "బాయికి తల్లి పోసింది. పసుపు తేండ్రి, యాపమండలు తేండ్రి."

తెచ్చిన్రు. ఆరు కిలోల పసుపు, రెండు మోపుల యాప. అన్ని బాయిల గుమ్మరిచ్చిన్రు. నీళ్ళు పచ్చగై, అడుగు కనవడకుంటైంది. జర సేపటికి ఒక నీలి చేప కడుపు మీదికి వెట్టి తేలింది. దాని ఎనుక ఇంకోటి. దాని ఎనుక పది. జనం ఒక అడుగు ఎనుకకు జరిగిన్రు.

అప్పుడు వచ్చిండు ఎహసాను, పంచర్ దుకాణంల టైరు ఇడిసిపెట్టి, చేతులకు మసి ఉండంగనే. "యా అల్లా, ఏం చేసిన్రక్కా! చూసుకుంట చూసుకుంట దాని గొంతు పిసికిన్రు గదా!" అన్నడు.

ఎహసాను తొమ్మిదేండ్లు గల్ఫుల, సముద్రంల మునిగేటోళ్ళ పడవ మీద పని చేసిండు. వీపుకు కట్టుకునే సిలిండర్లల్ల గాలి నింపుడు ఆయిన పని. వాపసచ్చి పంచర్ దుకాణం వెట్టిండు. అక్కడా గాలే, ఇక్కడా గాలే, మనిషి గాలి తినే బతుకుతుండని సారయ్య ఏడిపిస్తుండె. ఎవ్వలూ ఆయిన మాట పెద్దగ పట్టిచ్చుకోకపోతుండె. ఆ దినం చేపలు తేలినంక అందరు ఆయిన మొఖం చూసిన్రు.

"సచ్చిందా తమ్మీ?" లస్మవ్వ అడిగింది.

"సావలేదక్కా. తెల్లవడుడంటే సచ్చుడు కాదు. పానం మీదికొచ్చింది, అంతే. పగడమంటే రాయి గాదు, పానమున్నది. అక్కడ గూడ గిట్లనే ఒక జాగల తెల్లగైతే, మునిగేటోళ్ళకు కాయిదాలు రాసిన్రు. సిలిండరు కట్టుకొని దిగినోడైనా, నోట్లె గొట్టం వెట్టుకొని పైపైన తేలేటోడైనా గవే రూల్స్. దినాం రెండుసార్లు ఇన్న. నిద్రల లేపి అడిగినా చెప్త."

"చెప్పు మరి!"

"ముట్టొద్దు. అది మొదటిది. చూడొచ్చు, ముట్టొద్దు. దాని మీద నిలవడొద్దు. కాళ్ళు గట్టిగ కొట్టి అడుగు మట్టి లేపొద్దు, మట్టి వడితే దానికి దమ్మాడదు. నూనె రాసుకొని, సబ్బు పెట్టుకొని దిగొద్దు. చేపలకు బువ్వ, అటుకులు ఏమీ ఎయ్యొద్దు. ఒక్క ముక్క విరువొద్దు. మంది మందిగ దిగొద్దు. దాన్ని దాని మానాన ఇడిసిపెట్టాలె."

ఐలమ్మ ఇంటున్నది, ఇంటుంటే ఆమె మొఖం మారుతున్నది. "ఓరి నీ అసాధ్యం గూల!" అన్నది. "ముట్టొద్దు, నూనె వెట్టొద్దు, మంది రావొద్దు, సప్పుడు చెయ్యొద్దు. తల్లి పోసిన ఇంట్ల కట్టుబాట్లే గదరా ఇవి! గా గల్ఫోళ్ళకు ఎవ్వలు చెప్పిన్రు?"

"నాకేమెరుక పెద్దమ్మా. పసుపొక్కటి వద్దన్నరు" అన్నడు ఎహసాను.

గట్ల కుదిరింది. ఒక్కపూటల వాడంత ఒప్పుకున్నది. సమ్మెల ప్రతి కులానికి, ప్రతి పనికి ఒక జేఏసీ ఉండె, ఒక టెంటు ఉండె. బాయి గట్టు మీద గూడ టెంటు లేచింది. ఈతగాళ్ళ జేఏసీ. చెట్టెక్కుడు బందైన సారయ్యను చైర్మన్ చేసిన్రు. ఆయిన మెడల కండువ ఏసుకొని, కుర్చేసుకొని కూసున్నడు. "రెండు ఈతలున్నయ్ నాకు, ఈత చెట్టు, ఈత గొట్టుడు. రెండూ బందే. నా అంత పెద్ద సమ్మె ఎవ్వలు చేస్తలేరు" అంటుండె. ఎహసాను రూల్స్ అట్ట బోర్డు మీద రాసి గట్టు మీది తుమ్మచెట్టుకు కట్టిండు. ఆ ఏడు బతుకమ్మలు గూడ బాయికి రాలే, ఊరవతలి చెరువుకే పోయినయ్.

అయితే ఎహసాను ఒక రూలు దాచిపెట్టిండు. మూడు దినాలు మింగలేక కక్కలేక తిరిగి, నాలుగో దినం చెప్పిండు. "విరిగిన ముక్కలు వాపస్ పెట్టాలె. బండకు కట్టాలె. అవి అంటుకుంటెనే పగడం మల్ల లేస్తది."

"విరిగిన ముక్కలు ఏడున్నయ్?" అని సారయ్య అడిగిండు.

ఎహసాను తల వంచుకున్నడు. అప్పటికి అర్థమైంది. ఆడోళ్ళ చేతులు మెడల మీదికి పోయినయ్.

టెంటు కింద పిడుగు వడ్డట్టైంది. పుస్తెల తాడుకెళ్ళి పగడం తియ్యాల్నా? ఎవ్వడురా నువ్వు మా మెడలల్ల చెయ్యి పెట్టేటోనివి, అని ఒకలు లేచిన్రు. ఐలమ్మ అయితే మట్టి తీసి దుమ్మెత్తి పోసింది. సారయ్య చైర్మన్ అయినా కుర్చి ఇడిసి ఎనుకకు జరిగిండు.

ఎహసాను తల్లి రాబియా బీ అప్పుడు వచ్చింది. ఆమెను వాడంత బీబమ్మ అంటరు. ఆమె మెడల నల్లపూసల లచ్ఛా నిఖా నాడు కట్టినది, దాంట్ల గూడ ఈ బాయి పగడమే. మొగడు పోయినంక గూడ ఆమె దాన్ని తియ్యలే. పండ్ల తోటి దారం కొరికి, పగడం తీసి కొడుకు చేతిల వెట్టింది.

"మా ఆయిన ఈ బాయిలనే మునిగి తెచ్చిండు. తెచ్చిన కాడ పెడ్తే తప్పేంది?" అన్నది. కండ్లెంబడి నీళ్ళు కారుతున్నయ్, తుడుసుకోలే.

లస్మవ్వ ఆమెను చూసింది. ఎనుకకు తిరిగి సారయ్యను చూసింది. తెల్ల పగడం మెడల ఉండుడెక్కువనా, మొగడు ఉండుడెక్కువనా? ఆమె తన తాడు ఇప్పుకున్నది. ఆమె తీసినంక ఇంకొకామె, ఆమె ఎనుక ఐలమ్మ, "పాపమో పుణ్యమో మీ నెత్తినే" అని తిట్టుకుంటనే.

పదమూడు పగడాలు. ఎహసాను ఒక్కడే, నూనె లేకుంట తానం చేసి, సప్పుడు లేకుంట మునిగిండు. సిరిసిల్లల మరమగ్గం నడిపే లస్మవ్వ అన్న రాజయ్య, బస్సుల్లేకున్నా బండి మీద నూలు తెచ్చిచ్చిండు. ఆ నూలు తోటి కట్టిండు ఎహసాను. ఎనిమిదో దినం చూస్తే నూలంత ఉప్పు నీళ్ళకు చీకిపోయి, పగడాలు అడుగున దొర్లుతున్నయ్. నైలాను కడ్తనంటే ప్లాస్టిక్ అనేదే దిగొద్దని తన రూలే అడ్డమొచ్చింది.

"చీకనిది, తెగనిది ఏదన్న ఉంటే చెప్పక్కా" అన్నడు.

చీకనిది, తెగనిది. లస్మవ్వకు ఒక్కటే తెలుసు. ఇంటికి పోయింది. సారయ్య టెంటు కింద ఉన్నడు. చిలక్కొయ్య మీద మోకు ఉన్నది. మామ చేసిన మోకు, ఎండకు ఎండి వానకు తడిసినా పురి సడలలే. చెట్టుకు ఒరుసుకునే కాడ నార పోగులు జర పైకి లేచి ఉన్నయ్, అక్కడైతే అలకగ వస్తయని అక్కడ పట్టుకున్నది. ఒక్కటి పీకింది. తనకొక్కటి సరిపోతుండె. మరి ఐలమ్మకు? మరి బీబమ్మకు? పదమూడు పీకింది.

పీకినంక మోకు అక్కడ చిక్కిపోయి కనవడ్డది. "చెట్టెక్కేటోళ్ళ దేవుడా, కాటమయ్యా, తప్పైతే కాయు" అని మొక్కి, పాత చీర పేలిక గట్టిగ చుట్టి, కుట్లేసింది. పోగులు ఏడియో చెప్పకుంట ఎహసానుకిస్తే, ఆయిన పగడానికొక్కటి కట్టిండు. సమ్మె ఒడిసి, బాయిల పగడం కొసలకు లేత గులాబి రంగు తిరిగిన దినం సారయ్య మోకు దించి పేలిక చూసిండు.

"ఇదేందే?"

"ఎలుక కొట్టింది. చుట్టిన" అన్నది.

"నీ చీర నా మోకుకు చుట్టినంక ఇంకేం భయం!" అని నవ్వి చెట్టెక్కిండు.

చెప్తే ఏం పోతుండె? ఒక తిట్టు తిడుతుండె, కొత్త మోకు పేనుకుంటుండె. చెప్పలే. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట పండుగలు దాటినయ్. పగడం ఎర్రవడ్డది గదా, గండం దాటింది గదా అని మెల్లగ మరిచే పోయింది. మనిషి చేసిన పాపమైనా గుర్తుంచుకుంటడు గని, మంచి చేయవోయి చేసిన తప్పు జల్ది మరుస్తడు.

బాయి మాత్రం ఏదీ మరువలే. పోగుల తోటి కట్టిన పగడాలు బండకు అంటుకున్నయ్. ఏడాదికి గోరంత పెరిగి, పోగుల చుట్టూర అల్లుకున్నయ్. చేపలు వాపసొచ్చినయ్. ఆ నడుమ వాడల రెండు పెండ్లిళ్ళయితే, పిలగాండ్లు మునిగి చూసి, ఉత్తచేతుల తోటి తేలిన్రు. పుస్తెల నడుమ ఖాళీ జాగ ఉంచుడే వాడల కొత్త రివాజైంది. సారయ్య ఒక్కడు అప్పుడప్పుడు నడుము పట్టుకొని, "ఈ మోకు బరువైతున్నదే" అంటుండె. "మోకు గాదు, నీకే ముసలితనం మీద పడ్డది" అని లస్మవ్వ ఏడిపిస్తుండె.

ఢిల్లీల తెలంగాణ బిల్లు పాసైందని టీవీల చెప్పిన దినం, వాడకు వాడ సడక్ మీదికొచ్చింది. పటాకులు, డప్పులు, ఒగలకొగలు గులాలు పూసుకునుడు. ఐలమ్మ, బీబమ్మ చేతులు పట్టుకొని ఎగురుతున్నరు. "చైర్మన్ సాబ్, వాడకు కల్లు నీదే!" అని ఎహసాను ఒర్రిండు.

"ఇప్పుడే దించుకస్త!" అని సారయ్య మోకు భుజాన ఏసుకొని ఉరికిండు. బాయి పక్కన ఉన్నదాంట్ల అన్నిటికన్న పొడుగు చెట్టు ఎక్కిండు. జనమంత కింద. లస్మవ్వ నెత్తి మీద గులాలు, చేతిల గిన్నె.

లొట్టి అందుకోను సారయ్య ఎనుకకు వాలి బరువంత మోకు మీద ఏసిండు. అప్పుడే చీర పేలిక పిగిలి, గాలికి ఎగురుకుంట కిందికి వచ్చింది. వచ్చి లస్మవ్వ కాళ్ళ కాడ వడ్డది.

తన చీర. తన కుట్లు. పదమూడు పోగులు ఒక్కపారి యాదికొచ్చినయ్. "దిగూ!" అని అరిసేలోపే పైన పట్ మన్నది. మల్ల పట్. నార తెగుతున్న సప్పుడు కింద దాక ఇనవడ్డది. డప్పులు ఆగినయ్. సారయ్య కాళ్ళు చెట్టు ఇడిసినయ్, మనిషి ఒక్క బెత్తెడు జారిండు, చేతిల లొట్టి వచ్చి గట్టు మీద పగిలింది.

మనిషి రాలే.

మనిషి నడిమిట్ల ఆగిండు, గాలిల, నడుముకు మోకు ఉండంగనే. నారంత తెగి కుచ్చులు కుచ్చులుగ ఏలాడుతున్నది. అయినా చెట్టుకు ఏదో పట్టుకొని ఉన్నది. సారయ్య కాళ్ళు చెట్టుకు ఆనిచ్చి, బెత్తెడు బెత్తెడు దిగిండు. దిగి, మోకు నేల మీద పెట్టి, పక్కనే కూలవడ్డడు.

అందరు వంగి చూసిన్రు. పేలిక కింద, పోగులు పీకిన ఆ చిక్కిపోయిన కాడ, నార లేదు. పగడమున్నది. మూరెడు పొడుగు, ఎర్రగ, పదమూడు కొమ్మలు, ఒక్కొక్కటి వేలు లెక్క వంగి. కొసలల్ల తాటిచెట్టు బెరడు ముక్కలు గీరుకొని వచ్చి ఇంక ఇరికే ఉన్నయ్.

"మోకు గిట్లెట్ల..." అన్నడు సారయ్య.

"నేనే!" లస్మవ్వ గుండె కొట్టుకుంట కూలవడ్డది. "ఎలుక గాదు, నేనే పీకిన. బాయిల పగడాలు కట్టను పదమూడు పోగులు నేనే పీకిన. నిన్ను బతికిచ్చుకోను పీకి, నిన్నే సంపుకుంటుంటి గదా! నా చేతులు ఇరగ!"

ఎహసాను బాయి దిక్కు చూసిండు, మోకు దిక్కు చూసిండు. బాయిల పోగులకు ఏమైతే ఇక్కడి మోకుకు అదే అయింది. మెడలల్ల పగడాలు తెల్లవడ్డ నాడు చూసిందే. ఎవ్వలకు ఇడమరిచి చెప్పే పని లేదు. ఐలమ్మ కొంగు నోట్లె కుక్కుకొని నిలవడ్డది.

లస్మవ్వ ఏడ్సుకుంటనే ఆ ఎర్ర కొమ్మల మీదికి చెయ్యి చాపింది.

సారయ్య ఆ చెయ్యి పట్టి ఆపిండు. మొఖంల ఇంక నెత్తురు చుక్క లేదు, అయినా చైర్మన్ గొంతు తోటే అన్నడు.

"ముట్టకు. బోర్డు సదువలేదా?"

లస్మవ్వ బిత్తరపోయి ఆయిన్నే చూసింది. ఎన్కకు చేయి గుంజుకొని, వాడంత చూస్తుండంగ, డప్పులోళ్ళు చూస్తుండంగ, మొగన్ని రెండు చేతుల వాటేసుకొని ఒర్రొర్రి ఏడ్సింది. పగడాన్ని ముట్టొద్దన్నడు ఎహసాను. మొగన్ని ముట్టొద్దని బోర్డు మీద ఏడా రాసి లేదు.